పదిహేనేళ్ల తర్వాత అదే కేక: నిట్జర్ ఎబ్ ‘ఇండస్ట్రియల్ కాంప్లెక్స్’

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గొల్లగట్టు అనీ పెద్దగట్టు అనీ పిలిచే ఆ జాతరలో గజ్జెల లాగులు తొడుక్కున్నవాళ్లు భేరీల మోత నడుమ గుట్ట ఎక్కుతూ ‘ఓ లింగా’ అని కేక వేస్తారు. ఒక గుంపు వేసిన కేకను వెనక వచ్చే గుంపు అందుకుంటుంది. ఆ కేకలో రాగం వెతికితే పెద్దగా దొరకదు. ఉన్నదల్లా ఒక మాట, దాని కింద తెగని దెబ్బ, ఆ రెండింటికీ లోబడి కదిలే కాళ్లు. పాట అనే పదానికి మనం మామూలుగా ఇచ్చే అర్థంలో అది పాట కాకపోవచ్చు గానీ, అది చేసే పనిని చాలా పాటలు చేయలేవు.

యంత్రాల మోతను నాట్య సంగీతంగా మలిచిన ఇండస్ట్రియల్ డాన్స్ అనే పాశ్చాత్య సంప్రదాయాన్ని నల్లగొండ, పాలమూరు శ్రోతకు పరిచయం చేయాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఆ సంప్రదాయంలో పేరున్న ఇంగ్లండ్ బృందం నిట్జర్ ఎబ్. 1995లో వచ్చిన ‘బిగ్ హిట్’ తర్వాత విడిపోయిన ఈ బృందం, మళ్లీ కలిసి 2010లో ‘ఇండస్ట్రియల్ కాంప్లెక్స్’ అనే ఆల్బమ్ విడుదల చేసింది. రెండింటికీ నడుమ పదిహేనేళ్లు గడిచాయి. గాయకుడు అంతకాలం తర్వాత తిరిగి వస్తే శ్రోత మొదట గొంతు నిలిచిందా లేదా అని చూస్తాడు. యంత్రాలతో సంగీతం చేసినవాళ్లు తిరిగి వచ్చినప్పుడు ఆ పరీక్ష సరిపోదు, ఎందుకంటే యంత్రానికి గొంతు పోదు. వాళ్ల చిక్కు వేరు. ఒకప్పుడు వాళ్లకే సొంతమైన ధ్వని వాళ్లు లేని కాలంలో ఊరందరి సొత్తు అయిపోతుంది. తిరిగి వచ్చేసరికి తమ ఇంటి సామాను ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. అప్పుడు తమదని చెప్పుకోవడానికి మిగిలేది ఏమిటన్నది ఈ ఆల్బమ్‌కు ఎదురైన ప్రశ్న.

ఆ సామాను ఎక్కడిదో ముందు చూడాలి. 1976లో లండన్ బృందం థ్రాబింగ్ గ్రిసిల్ తన సొంత రికార్డు సంస్థకు ‘ఇండస్ట్రియల్ రికార్డ్స్’ అని పేరు పెట్టింది. ఇండస్ట్రియల్ సంగీతం అనే మాట స్థిరపడింది అక్కడే. వాళ్ల సంగీతం ఆడించడానికి పుట్టింది కాదు, ఇబ్బంది పెట్టడానికి పుట్టింది. దాన్ని ఆటలోకి తెచ్చిన ఘనత చాలావరకు జర్మన్లది. డ్యూసెల్‌డోర్ఫ్ నగరానికి చెందిన డాఫ్ అనే జంట, నిర్మాత కోనీ ప్లాంక్‌తో కలిసి 1981లో చేసిన రికార్డులో గిటార్లు, అలంకారాలు అన్నీ తీసేసి మూడింటినే మిగిల్చింది: సీక్వెన్సర్ అనే యంత్రం మీద తిరిగే ఒక బేస్ (మంద్ర స్వరాల) వరుస, రాబర్ట్ గోర్ల్ డ్రమ్ము, గాబీ డెల్గాడో గద్దింపు. అదే ఏడాది బెల్జియంలో మొదలైన ఫ్రంట్ 242 ఈ తరహాకు ‘ఎలక్ట్రానిక్ బాడీ మ్యూజిక్’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది. దేహ సంగీతం అన్నమాట. పేరు కొంచెం గొప్పలకు పోయినట్టు అనిపించినా, సరిగ్గానే కుదిరింది.

సీక్వెన్సర్ అంటే పదహారు గడులున్న ఒక పలక అనుకోవచ్చు. ఒక్కో గడిలో ఒక స్వరం పెట్టవచ్చు, లేదా ఖాళీగా వదిలేయవచ్చు. యంత్రం ఎడమ నుంచి కుడికి గడులన్నీ చదివి, చివరికి రాగానే మళ్లీ మొదటికి వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకు అర సెకను పడుతుంది. దెబ్బకు నాలుగు గడుల చొప్పున ఒక్కో గడి సెకనులో ఎనిమిదో వంతు. అంటే పదహారు గడుల చుట్టు రెండు సెకన్లలో పూర్తవుతుంది. నాలుగు నిమిషాల పాటలో అది నూట ఇరవై సార్లు తిరుగుతుంది, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా తిరుగుతుంది. వాయించే మనిషి అలసిపోతాడు, తొందరపడతాడు, ఊపులో కొంచెం ముందుకు పోతాడు. యంత్రం ఇవేవీ చేయదు. చేయకపోవడంలోనే దీని రుచి ఉంది.

మన తీన్‌మార్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. తీన్‌మార్‌లో దెబ్బ మూడుగా విడుతుంది. శాస్త్రం తెలిసినవాళ్లు తిస్ర గతి అంటారు. మూడు బేసి సంఖ్య కాబట్టి ఒకసారి కుడికాలి మీద పడ్డ ఊనిక మరోసారి ఎడమకాలికి మారుతుంది, దేహం ఊగుతుంది, భుజాలు ఎగురుతాయి. నిట్జర్ ఎబ్ పాటలు చతురస్ర గతిలో నడుస్తాయి. నాలుగు గడుల దెబ్బ, నాలుగు దెబ్బల చుట్టు, ప్రతి దెబ్బ మీదా డ్రమ్ము. అందులో ఊగడానికి సందు దొరకదు. కాలు నిటారుగా నేలను కొట్టాల్సి వస్తుంది. తీన్‌మార్ మనిషిని వదులు చేస్తే ఇది మనిషిని బిగిస్తుంది. ఈ సంగీతానికి ఆడేవాళ్లు కవాతు చేస్తున్నట్టు కనిపించడం వెనక ఉన్నది ఈ లెక్కే.

బిగింపు మీద ఇంత మోజు ఎందుకన్నది మన వైపు నుంచి చూస్తే మరింత ఆసక్తికరమైన ప్రశ్న. పోచంపల్లి ప్రాంతంలో చీర నేసేముందు నూలును ఆసు పోస్తారు. ఒక్క చీరకు చేతిని దాదాపు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆ పని చేసే యంత్రం తయారుచేశారు. తల్లి పేరు మీద దానికి లక్ష్మీ ఆసు అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీకీ, వలసపోయి కట్టల మీద తట్టలెత్తిన పాలమూరు కూలీకీ ఒకే కదలికను వేలసార్లు చేయడం అంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు. వాళ్లకు అది విధిలేక చేసే పని. కార్ఖానాలు మూతపడుతున్న ఐరోపాలో పుట్టిన కుర్రకారు మాత్రం సాయంత్రం డబ్బిచ్చి లోపలికి వెళ్లి, తండ్రుల దేహాలను అరగదీసిన అదే కదలికను ఆటగా ఆడారు. యంత్రం దగ్గర కూలి చేయడం తగ్గిపోయాకే యంత్రంలా ఆడాలన్న కోరిక పుట్టిందనిపిస్తుంది. మన దగ్గర ఈ తరహా సంగీతం పెద్దగా వేళ్లూనకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

నిట్జర్ ఎబ్ పుట్టిన చెమ్స్‌ఫర్డ్ కూడా అలాంటి ఊరే. లండన్‌కు ఈశాన్యాన ఎసెక్స్ కౌంటీలో ఉన్న ఈ పట్టణంలో మార్కోనీ సంస్థ 1912లో రేడియో పరికరాల కోసమే ప్రత్యేకంగా ఒక కార్ఖానా కట్టింది. బాల్ బేరింగులు చేసిన హాఫ్‌మన్ సంస్థదీ ఆ ఊరే. 1982లో అక్కడి బడిపిల్లలు డగ్లస్ మెకార్తీ, బాన్ హారిస్, డేవిడ్ గుడే కలిసి ఈ బృందం పెట్టారు. పేరుకు ఏ భాషలోనూ అర్థం లేదు, జర్మన్‌లా వినిపించాలని అల్లుకున్న మాట అది. మెకార్తీ గొంతు, హారిస్ యంత్రాలు, వాళ్ల వెనక లోహపు మోత చేసే డ్రమ్ములు. 1987లో మ్యూట్ రికార్డ్స్ నుంచి తొలి ఆల్బమ్ ‘దట్ టోటల్ ఏజ్’ వచ్చింది.

అందులోని ‘జాయిన్ ఇన్ ద చాంట్’ పాటను వింటే దురాజ్‌పల్లి పోలిక ఎందుకు తెచ్చామో తెలుస్తుంది. అందులో వాక్యాలు దాదాపు లేవు. అబద్ధాలు, తుపాకులు, బంగారం, నిప్పు వంటి విడి మాటలను మెకార్తీ ఒక్కొక్కదాన్ని వరుసగా గద్దిస్తాడు. కింద బేస్ వరుస తిరుగుతూనే ఉంటుంది. మాటకూ మాటకూ నడుమ సంబంధం ఏమిటో పాట చెప్పదు. నినాదం ఎలా పనిచేస్తుందో అలాగే పనిచేస్తుంది: అర్థం తర్వాత, ముందు గొంతు కలపడం. శీర్షిక కూడా అదే కోరుతోంది. భక్తి ఉన్నచోట ఆ కేకకు ఒక గమ్యం ఉంటుంది, ఇక్కడ అది లేదన్న తేడాను మరవకూడదు. ఆ ఖాళీ వల్లనే ఈ బృందం మీద ఒక అనుమానం చాలాకాలం వెంటాడింది. పళ్లచక్రాలు, సుత్తులు, నక్షత్రాలు ఉన్న గుర్తులు, బిగుతు చొక్కాలు, సైనికుల బూట్లు, గుంపు చేత అరిపించే పాటలు చూసి వీళ్లు నియంతృత్వాన్ని మెచ్చుకుంటున్నారా అని అడిగినవాళ్లున్నారు. నిజానికి అవి సోవియట్, జర్మన్ ప్రచారకళల నుంచి ఏరి తెచ్చుకున్న పైపూతలు. గుంపు గొంతుకు ఎంత బలం ఉందో చూపించడమే వాళ్ల ఉద్దేశమైతే, ఆ బలాన్ని ఎవరు ఎటు వాడుకుంటారన్న ప్రశ్నను మాత్రం వాళ్లు శ్రోతకే వదిలేశారు. సాయుధ పోరాటం నుంచి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం దాకా నినాదాల నడుమ పెరిగిన నేలకు ఆ ప్రశ్న కొత్తది కాదు.

తర్వాతి ఆల్బమ్‌లను త్వరగా దాటవచ్చు. 1989లో ‘బిలీఫ్’, 1990లో ‘షోటైమ్’, 1991లో ‘ఎబ్‌హెడ్’ వచ్చాయి. మూడింటిలోనూ ఫ్లడ్ అనే నిర్మాత చేయి ఉంది, చివరిదానికి ఇంగ్లండ్‌లోని పేరున్న ఎలక్ట్రానిక్ బృందం డిపేష్ మోడ్ సభ్యుడు అలన్ వైల్డర్ కూడా తోడయ్యాడు. డిపేష్ మోడ్ కచేరీ యాత్రల్లో ముందుగా వేదికెక్కే బృందంగా నిట్జర్ ఎబ్ పెద్ద మైదానాలకు చేరింది. ‘షోటైమ్’లో కేక కాస్త తగ్గి గుసగుస వచ్చింది, బ్లూస్, జాజ్ నడకలు తొంగిచూశాయి. విమర్శకుడి చెవికి ఇదే వాళ్ల ఉత్తమ కృతిగా వినిపిస్తే ఆశ్చర్యం లేదు. 1995 నాటి ‘బిగ్ హిట్’కు వచ్చేసరికి గిటార్లు, మనిషి వాయించే డ్రమ్ములు ముందుకొచ్చాయి. అది గిటార్ల కాలం, ఆ గాలికి వీళ్లూ తలవంచారు. యంత్రం ముందు నిలబడి యంత్రం కంటే కఠినంగా అరిచిన మనిషి మామూలు రాక్ గాయకుడిగా మారిపోయాడు. ఆల్బమ్ నిలబడలేదు, బృందం విడిపోయింది.

విడిపోయిన కాలంలో మెకార్తీ, హారిస్ ఇద్దరూ ఊరకే కూర్చోలేదు. వైల్డర్ సొంత బృందం రికాయిల్ రికార్డుల్లో మెకార్తీ పాడాడు. ఫ్రాన్స్‌కు చెందిన టెక్నో అనే యంత్ర నాట్య సంగీతం చేసే టెరెన్స్ ఫిక్స్‌మర్‌తో జతకట్టి 2004లో ఒక ఆల్బమ్ చేశాడు. హారిస్ అమెరికా వెళ్లి, అక్కడి రాక్ బృందం స్మాషింగ్ పంప్‌కిన్స్ 1998లో విడుదల చేసిన ‘అడోర్’లో ఎలక్ట్రానిక్ ధ్వనుల పని చూశాడు. ఒకరు గొంతును టెక్నో వైపు, మరొకరు యంత్రాలను పాట వైపు నడిపించారు. ‘ఇండస్ట్రియల్ కాంప్లెక్స్’ ఎలా రూపుకట్టిందో అర్థం కావాలంటే ఈ రెండు ప్రయాణాలనూ గుర్తుంచుకోవాలి.

బయట జరిగింది ఇంకా పెద్దది. షికాగో, డెట్రాయిట్ నగరాల నాట్యశాలల్లో ఈ బాడీ మ్యూజిక్ రికార్డులు తిరిగాయి. అక్కడ ఎదుగుతున్న టెక్నో వాటి గట్టి బేస్ నడకను తనలో కలుపుకుంది. ఇంగ్లండ్‌లో ఆసిడ్ హౌస్ అనే నాట్య సంగీతం మోజు పుట్టిన రోజుల్లో ‘జాయిన్ ఇన్ ద చాంట్’ అక్కడి నాట్యశాలల్లో కూడా మోగింది. 1983లో మిడి అనే ఉమ్మడి పద్ధతి వచ్చాక ఏ సంస్థ యంత్రమైనా మరో సంస్థ యంత్రంతో మాట్లాడగలిగింది. ఆ తర్వాత అన్ని యంత్రాలూ కలిసి ఒక ల్యాప్‌టాప్‌లో దూరిపోయాయి. 1987లో ఒక గది నిండా సామాను, నెలల ఓపిక కావాల్సిన బేస్ వరుసను 2010 నాటికి పదహారేళ్ల కుర్రాడు ఒక మధ్యాహ్నంలో చేయగలడు. నల్లగొండ గడియారం సెంటర్ మీదుగా వినాయక నిమజ్జనానికి కదిలే డీజే బండ్లలో, రీమిక్స్ పాట కింద ఛాతీని గుద్దే ఆ మొద్దు దెబ్బ ఎన్నో చేతులు మారి వచ్చింది. అలా చేతులు మార్చినవాళ్లలో ఈ సంప్రదాయం వాళ్లు కూడా ఉన్నారు. బండి మీద నిలబడ్డ కుర్రాడికి ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

యంత్ర సంగీతంలో మలిరాక చేసినవాళ్లు వీళ్లొక్కరే కాదు. జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1986 తర్వాత కొత్త రచనలతో నిండిన ఆల్బమ్‌ను 2003లో గానీ ఇవ్వలేదు. సైకిల్ పందెం మీద కట్టిన ఆ ఆల్బమ్‌లో వాళ్లు గొంతును ఇంకా వెనక్కి నెట్టి యంత్రాన్ని మరింత నునుపు చేశారు. కెనడా బృందం స్కిన్నీ పప్పీ 2004లో, 1995లో మరణించిన సహచరుడు లేకుండానే తిరిగి వచ్చింది. ఇంగ్లండ్ బృందం క్యాబరే వోల్టేర్ పేరు మీద 1994 తర్వాత మళ్లీ ఆల్బమ్ వచ్చింది 2020లో, అప్పటికి ఆ బృందంలో రిచర్డ్ కర్క్ ఒక్కడే మిగిలాడు. వీళ్లంతా ఏదో ఒక రకంగా యంత్రం మీదనే భారం వేశారు. నిట్జర్ ఎబ్ మాత్రం గొంతు మీద వేసింది. ఈ వరుసలో దాన్ని ప్రత్యేకంగా నిలిపే తేడా అది.

‘ఇండస్ట్రియల్ కాంప్లెక్స్’ మొదటి పాట ‘ప్రామిసెస్’ దగ్గరే సంగతి తేలిపోతుంది. కింద నడిచే బేస్ వరుస పాతదే, కావాలని పాతది. గడులు ఎక్కడ నిండుతాయో ఎక్కడ ఖాళీగా ఉంటాయో పాత శ్రోతకు ముందే తెలుసు. కొత్తదనం దాని మీద ఉంది. 1987 నాటి మెకార్తీ ఒక్కో మాటను రాయిలా విసిరేవాడు. ఇక్కడ మాటలు వాక్యాలయ్యాయి. వాగ్దానాల గురించి పాడుతున్నాడు గానీ ఆజ్ఞలు వేయడం లేదు. గొంతులో గరుకు పెరిగింది, పైస్థాయికి వెళ్లినప్పుడు కొంచెం చీలుతుంది. ఆ చీలికను యంత్రంతో సరిచేసి నునుపు చేయడం 2010లో ఎంతో తేలిక. చేయలేదు. ఆల్బమ్ మొత్తంలో ఇంతకంటే తెలివైన నిర్ణయం లేదు, ఎందుకంటే అందరి దగ్గరా ఉన్న యంత్రం మీద ఎవరి దగ్గరా లేని చీలిక అదొక్కటే.

‘వన్స్ యూ సే’ మరో మార్గం తొక్కింది. అందులో డిపేష్ మోడ్ మార్టిన్ గోర్ గొంతు కలిపాడు. గోర్‌ది మెత్తని, గుడి గంటలా సాగే గొంతు. దాని పక్కన మెకార్తీ గద్దింపు మరింత గరుకుగా వినిపిస్తుంది. వంతపాటకుడు ప్రధాన కథకుడికి ఎదురు నిలిస్తే కథ నిలబడుతుందని ఒగ్గుకథ విన్నవాళ్లకు తెలుసు. కథకుడు ఆపినచోట వంత అందుకుని, ఒకసారి సమర్థించి, ఒకసారి ఎకసక్కెం ఆడుతాడు. పాత నిట్జర్ ఎబ్‌లో వంత పాడింది గుంపు, అందులో ఎదురుమాట లేదు, అందరూ ఒకే మాట. ఇక్కడ ఒకరికి ఎదురుగా మరొకరు నిలిచారు. కేక సంభాషణగా మారిన చోటు ఇది.

‘హిట్ యూ బ్యాక్’, ‘డౌన్ ఆన్ యువర్ నీస్’ వంటివి పాత అభిమానుల కోసం చేసినవి. కాళ్లకు పని చెబుతాయి, ఆ పని అయిపోగానే మరచిపోతాం. ‘పేరోల్’ కూడా పేరుకు తగ్గట్టు కూలి లెక్కల చుట్టూ కట్టిన కఠినమైన పాటే అయినా, దానిలో తిరిగే వరుసకు ఒక విసుగు ఉంది, నెలాఖరు జీతం కోసం క్యూలో నిలబడ్డవాడి విసుగు. పునరావృత్తి ఇక్కడ ఉత్సాహం కోసం రాలేదు, విషయం కోసమే వచ్చింది. పొగ మంచులా నెమ్మదిగా నడిచే ‘ఐ యామ్ అండన్’ వంటి పాటలో డ్రమ్ము దాదాపు పక్కకు తప్పుకుంటుంది, మెకార్తీ అరవకుండా పాడుతాడు. పద్దెనిమిదేళ్ల వయసులో అతని గొంతు చేయలేని పని అది. కఠినత్వాన్ని నమ్ముకున్న బృందం ఇలా ఓడిపోయానని చెప్పే పాట పాడటం కొందరు పాత శ్రోతలకు ద్రోహంలా అనిపించవచ్చు. ఈ వ్యాసానికి మాత్రం ఆల్బమ్‌లో పదేపదే తిరిగి వినాలనిపించే చోటు అదే.

లోపం లేని ఆల్బమ్ కాదిది. ‘దట్ టోటల్ ఏజ్’లో ధ్వనుల నడుమ చీకటి ఉండేది. డ్రమ్ము మోగి ఆగాక వచ్చే ఖాళీలో తర్వాతి కేక కోసం ఒళ్లు ఎదురుచూసేది. 2000 తర్వాతి రికార్డుల్లో చాలావాటిని మెత్తని ధ్వనినీ గట్టి ధ్వనినీ దాదాపు ఒకే ఎత్తుకు తెచ్చి నింపేస్తారు. చిన్న స్పీకర్లో, కారులో గట్టిగా వినపడాలన్నది ఆ పద్ధతి ఉద్దేశం. ‘ఇండస్ట్రియల్ కాంప్లెక్స్’లో కొన్ని పాటలు ఆ పద్ధతికి లొంగిపోయాయి. ఎక్కడా తెరిపి లేదు. అంతటా ఎత్తుగా ఉన్న నేల మీద గుట్ట కనబడనట్టు, నిరంతరం గట్టిగా ఉన్న ధ్వనిలో దెబ్బ దెబ్బలా తగలదు. బృందం డ్రమ్మర్ జేసన్ పేన్ డ్రమ్ములకు ఉన్న మనిషి చేతి ఊపు కూడా ఆ నింపుడులో కొంత మునిగిపోయింది. ఇవే పాటలను వేదిక మీద వాయించినప్పుడు రికార్డు కంటే బతికున్నట్టు వినిపించడానికి కారణం బహుశా ఇదే.

ఈ తెరిపి సంగతి డప్పు కళాకారులకు చెప్పనక్కరలేదు. డప్పును మంట దగ్గర కాచి బిగువు చూసుకుంటారు. కుడిచేతి సిర్ర మోటు దెబ్బ వేస్తుంది, ఎడమచేతి చిటికెన పుల్ల దాని సందుల్లో సన్నని చప్పుడు నింపుతుంది. సావుకొక దరువు, పెండ్లికొక దరువు, దండోరాకొక దరువు. వినేవాడికి ఇంట్లో కూర్చునే వీధిలో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. డీజే పెట్టెలు వచ్చాక ఊరేగింపుల్లో వీళ్ల పిలుపులు తగ్గాయి. చిత్రమేమిటంటే ఆ పెట్టెల్లోంచి వచ్చిందీ చాలాసార్లు డప్పు మోతే, ఎక్కడో రికార్డు చేసి కత్తిరించి అతికించిన తీన్‌మార్. అంటే వాళ్ల ధ్వని పోలేదు, వాళ్లు లేకుండా ఊరేగింది. ఉద్యమ కాలంలో ధూంధాం వేదికల మీద డప్పు దళాలు మళ్లీ ముందుకొచ్చినప్పుడు జనం చూసింది మోతను కాదు, మోత పెట్టెలోనూ ఉంది. పదిమంది ఒకేసారి వంగి, డప్పును తలమీదికెత్తి, అడుగు మార్చి, ఒకరినొకరు చూసుకుని దరువు తిప్పే క్షణాన్ని చూశారు. పెట్టెకు చేతకానిది అది. నిట్జర్ ఎబ్ చిక్కు కూడా ఇదే, జవాబు కూడా దాదాపు ఇదే. రెండింటినీ సమానం చేయడం మాత్రం కుదరదు. డప్పు వెనక కులం పేరిట మోసిన శతాబ్దాల బరువు ఉంది. చెమ్స్‌ఫర్డ్ కుర్రాళ్లు తమ వాద్యాన్ని దుకాణంలో కొనుక్కున్నారు.

ఆల్బమ్ వచ్చిన 2010లోనే నిట్జర్ ఎబ్ మళ్లీ డిపేష్ మోడ్‌కు ముందు వేదికెక్కింది, ఇరవై ఏళ్ల కిందటి స్థానంలోనే. అంతకు మించి ఎదిగిందని చెప్పలేం. ఆ తర్వాత కొత్త పాటలతో మరో పూర్తి ఆల్బమ్ రాలేదు. తిరిగి రాక అనుకున్నది చివరిది అయింది. ఆపైన కచేరీలే నడిచాయి. 2019లో మొదటినాళ్ల సహచరుడు గుడే కూడా వచ్చి చేరాడు, వేదిక మీద పాత గుర్తులు, పాత చొక్కాలు మళ్లీ కనిపించాయి. కొత్త పాటల్లో ‘ప్రామిసెస్’ వంటి ఒకటీ అరా నిలిచాయి, మిగతా సమయమంతా 1987 పాటలదే.

తర్వాత మెకార్తీ ఆరోగ్యం దెబ్బతింది. 2024లో కాలేయ వ్యాధి వల్ల కచేరీ యాత్రల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. 2025 జూన్‌లో, యాభై ఎనిమిదేళ్ల వయసులో చనిపోయాడు. అతను వేదికెక్కలేని కచేరీల్లో గొంతు బాధ్యతను బాన్ హారిస్ తీసుకున్నాడు. బేస్ వరుస ఎప్పటిలాగే రెండు సెకన్లకోసారి మొదటికి వచ్చింది. మెకార్తీ విడి మాటలు విసిరే చోటు రాగానే, హారిస్ నోరు తెరిచేలోపే కింద నిలబడ్డ జనం ఆ మాటలను అందుకునేవాళ్లు.